కొత్త స్టేడియానికి పన్ను ఇవ్వాలా వద్దా: ఓటు వేసే ముందు లీజు చదవండి

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. మీరు నివసిస్తున్న అమెరికన్ కౌంటీలో (మన జిల్లా వంటి స్థానిక పాలనా విభాగం) జట్టు యజమాని కొత్త స్టేడియం కావాలంటున్నారు. అందుకోసం అమ్మకపు పన్ను పెంచాలా వద్దా అన్న విషయం రాబోయే ఎన్నికల్లో ఓటుకు వస్తోంది. జట్టు రాయించిన నివేదిక వేల ఉద్యోగాలు వస్తాయంటోంది, వ్యతిరేకిస్తున్నవారు ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదంటున్నారు. ఇరుపక్షాలూ లెక్కలు చూపిస్తున్నప్పుడు దేన్ని నమ్మి ఓటు వేయాలన్నది మీ ప్రశ్న. కౌంటీలు, నగరాలు అప్పు కోసం జారీ చేసే బాండ్లను పరిశీలించడం నా వృత్తి. స్టేడియం బాండ్లను, వాటి వెనుక ఉండే లీజులను చాలా ఏళ్లుగా చదువుతూ వస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగానే జవాబు రాస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే, పెట్టుబడిగా చూసినప్పుడు స్టేడియంలో పెట్టిన ప్రజాధనం తిరిగి రాదు. అయినా మా ఊళ్లో జట్టు ఉండాలి, దానికి కొంత ఖర్చుకు సిద్ధం అని ప్రజలు అనుకుంటే అందులో తప్పేమీ లేదు. గ్రంథాలయానికి లాభం చూసుకుని డబ్బు పెట్టం కదా. అయితే అలా అనుకున్నప్పుడు చూడవలసిన కాగితం వేరే ఉంది. నిర్మాణ వ్యయంలో కౌంటీ వాటా ఎంత అన్న ఒక్క అంకె చుట్టూనే చర్చ జరుగుతుంది కానీ, ఆ స్టేడియాన్ని జట్టుకు ఏ షరతుల మీద అప్పగిస్తున్నారో చెప్పే లీజును చదివేవారు తక్కువ. నేను చూసినంతలో ప్రజల డబ్బు ఎక్కువగా జారిపోయేది అక్కడే.

ముందు ఉద్యోగాల సంగతి చూద్దాం. ఒక కుటుంబం ఆట చూడటానికి ఖర్చు పెట్టిన డబ్బు, ఆ జట్టు లేకపోతే ఖర్చే కాకుండా ఉండిపోయేది కాదు. ఆ శనివారం సినిమాకో, హోటలు భోజనానికో, మరో వినోదానికో అదే కౌంటీలో ఖర్చయ్యేది. స్టేడియం ఈ డబ్బును ఒక వీధి నుంచి మరో వీధికి మళ్లిస్తుంది, అందులోనూ పెద్ద భాగం ఆటగాళ్ల జీతాలుగా, యజమాని లాభంగా ఊరు దాటిపోతుంది. బయటి ఊళ్ల నుంచి వచ్చే ప్రేక్షకుల ఖర్చు మాత్రం నిజంగా కొత్తదే, కాకపోతే అది ప్రచారంలో చెప్పినంత ఉండదు. పైగా అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు తన సొంత మైదానంలో ఏడాదికి ఆడే రెగ్యులర్ సీజన్ ఆటలు 8 లేదా 9. బేస్‌బాల్ జట్టుకు 81 ఉంటాయి కనుక ఆ లెక్క కొంత మెరుగు. ఏడాదిలో అత్యధిక రోజులు ఖాళీగా ఉండే కట్టడం చుట్టూ దుకాణాలు నిలదొక్కుకోవడం కష్టమని వేరే చెప్పనక్కరలేదు.

ఇది ఊహ మీద చెబుతున్న మాట కాదు. ఆటగాళ్ల సమ్మెలు, లాకౌట్ల వల్ల సీజన్లు ఆగిపోయిన సందర్భాలను డెనిస్ కోట్స్, బ్రాడ్ హంఫ్రీస్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించారు. స్టేడియం నిజంగా ఊరి ఆదాయాన్ని పెంచేదైతే, ఆటలు ఆగినప్పుడు ఆ ఊరి ఆదాయం పడిపోవాలి. అటువంటి నష్టమేదీ వారికి కనిపించలేదు. 2017లో షికాగో విశ్వవిద్యాలయం ప్రముఖ ఆర్థికవేత్తల అభిప్రాయం అడిగినప్పుడు, స్టేడియం రాయితీల వల్ల పన్ను చెల్లింపుదారులకు అయ్యే ఖర్చు స్థానికంగా వచ్చే ఆర్థిక ప్రయోజనం కంటే ఎక్కువే ఉండవచ్చని 83 శాతం మంది అంగీకరించారు. తమలో తాము దాదాపు ప్రతి విషయం మీదా వాదించుకునే వృత్తివారు ఒక విషయం మీద ఇంతగా ఏకాభిప్రాయానికి రావడం అరుదు.

అలాంటప్పుడు జట్టు నివేదికలో అంత పెద్ద అంకెలు ఎక్కడి నుంచి వస్తాయి? మీకు ఆ నివేదిక దొరికితే మూడు చోట్ల చూడండి. ఒకటి, వారు చూపిన ఖర్చు మొత్తం ఖర్చా, లేక మిగతా వ్యాపారాల నుంచి మళ్లినదాన్ని తీసివేయగా మిగిలిన నికర ఖర్చా అన్నది. చాలా నివేదికల్లో మొత్తం ఖర్చే ఉంటుంది. రెండు, నిర్మాణ కాలపు ఉద్యోగాలను శాశ్వత ఉద్యోగాలతో కలిపి ఒకే మొత్తంగా చెప్పారా అన్నది. మూడు, ఇప్పటికే ఉన్న పాత స్టేడియంలో నడుస్తున్న ఉద్యోగాలను కూడా కొత్తవాటిగా లెక్కించారా అన్నది. జట్టు ఊళ్లోనే ఉండి భవనం మాత్రమే మారుతున్నప్పుడు ఈ మూడోది మరీ ముఖ్యం.

ఇక్కడ సమాఖ్య చట్టం ఒకటి తెలుసుకోవాలి, ఎందుకంటే జట్లు చెల్లించే అద్దె ఎందుకంత తక్కువగా ఉంటుందో దాన్ని బట్టే అర్థమవుతుంది. కౌంటీలు, నగరాలు జారీ చేసే బాండ్ల వడ్డీ మీద సాధారణంగా సమాఖ్య ఆదాయపు పన్ను ఉండదు, అందుకే వాటికి తక్కువ వడ్డీకి అప్పు పుడుతుంది. ప్రైవేటు స్టేడియాలకు ఈ సౌకర్యం దక్కకూడదని 1986 పన్ను సంస్కరణ చట్టంలో కట్టడి చేశారు. ఆ చట్టం రెండు పరీక్షలు పెట్టింది: కట్టడంలో 10 శాతానికి మించి ప్రైవేటు వ్యాపార వినియోగం ఉండటం, అప్పు తీర్చే సొమ్ములో 10 శాతానికి మించి ప్రైవేటు వ్యాపారం నుంచి రావడం. రెండూ కలిసి ఉంటేనే పన్ను మినహాయింపు పోతుంది. స్టేడియం మొదటి గీతను ఎలాగూ దాటుతుంది. కాబట్టి మినహాయింపు నిలవాలంటే రెండో గీతను దాటకుండా చూసుకోవాలి, అంటే జట్టు చెల్లించే సొమ్ము అప్పు కిస్తీల్లో పదో వంతు కంటే మించకూడదు. మిగతా తొంభై శాతం అమ్మకపు పన్ను, హోటల్ గదుల పన్ను, కార్ల అద్దె మీద పన్ను వంటివాటి నుంచి తేవాలి. స్టేడియాలకు రాయితీ ఆపాలని తెచ్చిన నియమం, చివరకు జట్టు దగ్గర అద్దె ఎక్కువ తీసుకోకుండా స్థానిక ప్రభుత్వాల చేతులనే కట్టేసింది. 2000 తరువాత నిర్మించిన లేదా భారీగా మరమ్మతు చేసిన 45 స్టేడియాల్లో 36 ఇటువంటి బాండ్ల సొమ్ముతోనే ఎంతో కొంత లేచాయని, వాటివల్ల సమాఖ్య ఖజానాకు సుమారు 370 కోట్ల డాలర్ల రాబడి పోయిందని బ్రూకింగ్స్ పరిశోధన సంస్థ 2016లో లెక్క కట్టింది. అంటే మీ కౌంటీ స్టేడియం ఖర్చులో కొంత భాగాన్ని ఆ జట్టు పేరు కూడా వినని రాష్ట్రాలవారు భరిస్తారు.

ఇప్పుడు లీజు విషయానికి వస్తాను. చెప్పవలసినది ఎక్కువగా ఇక్కడే ఉంది.

సెయింట్ లూయిస్‌లో ఫుట్‌బాల్ డోమ్‌ను, అంటే పైకప్పు ఉన్న స్టేడియాన్ని, పూర్తిగా ప్రజాధనంతో కట్టి 1995లో తెరిచారు. రామ్స్ జట్టును రప్పించడానికి రాసిన లీజులో ఒక క్లాజు ఉంది: నిర్ణీత సంవత్సరాల్లో పోల్చి చూసినప్పుడు ఆ డోమ్ లీగ్‌లోని స్టేడియాల్లో పై పాతిక శాతంలో ఉండాలి, లేకపోతే లీజు నుంచి తప్పుకునే హక్కు జట్టుకు వస్తుంది. ప్రతి నగరమూ కొత్త స్టేడియం కడుతున్న కాలంలో ఇరవై ఏళ్ల నాటి కట్టడం పై పాతికలో ఉండాలంటే, దాదాపు మళ్లీ కట్టినంత ఖర్చు పెట్టాలి. 2013లో మధ్యవర్తులు జట్టు కోరిన మార్పులవైపే మొగ్గారు. వాటికి సుమారు 70 కోట్ల డాలర్లు అవుతుందన్నారు, స్థానిక అధికారులు ఒప్పుకోలేదు. 2016లో జట్టు లాస్ ఏంజెలెస్‌కు వెళ్లిపోయింది, రాష్ట్రం, కౌంటీ, నగరం మాత్రం డోమ్ అప్పు కిస్తీలను ఆ తరువాతా కట్టవలసి వచ్చింది. ఆ తరువాత లీగ్ మీద వేసిన దావాలో 2021లో 79 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. కానీ ఆ సొమ్ము లీజు వల్ల రాలేదు. లీగ్ తన సొంత తరలింపు మార్గదర్శకాలను పాటించలేదన్న వాదన మీద వచ్చింది. అలాంటి పరిహారం మరో ఊరికి దక్కుతుందని అనుకోవడానికి లేదు.

సిన్సినాటి ఉదాహరణ ఇంకా బాధ కలిగిస్తుంది. అక్కడి హామిల్టన్ కౌంటీ ఓటర్లు 1996లో అర శాతం అమ్మకపు పన్నుకు అంగీకరించారు. దానికి బదులుగా ఇళ్ల యజమానులకు ఆస్తి పన్నులో తగ్గింపు ఇస్తామని మాట ఇచ్చారు. బెంగాల్స్ ఫుట్‌బాల్ జట్టుతో రాసుకున్న లీజులో స్టేడియం నిర్వహణ, మరమ్మతులు, సాంకేతిక మార్పుల భారం చాలావరకు కౌంటీ మీద పడింది. అప్పటికి మార్కెట్లో లేని హోలోగ్రామ్ రీప్లే పరికరాలు భవిష్యత్తులో వస్తే వాటిని కూడా కౌంటీయే సమకూర్చాలన్న మాట అందులో ఉంది. అమ్మకపు పన్ను రాబడి అనుకున్నంత పెరగలేదు, ఖర్చులు పెరిగాయి. చివరకు కౌంటీ ఇళ్ల యజమానులకు ఇస్తానన్న తగ్గింపును కుదించింది, ప్రజల ఆసుపత్రి ఒకదాన్ని అమ్ముకుంది. 1996లో ఓటు వేసినవారి ముందు పన్ను శాతం ఉంది. లీజు ఆ తరువాతి ఏడాది రాశారు. మీ విషయంలో కూడా ఈ వరుస ఎలా ఉందో చూసుకోండి.

నేను స్వయంగా పరిశీలించిన ఒక లీజు సంగతి చెబుతాను. ఆ కౌంటీ పేరు చెప్పను. మొదటి పేజీల్లో వార్షిక అద్దె గౌరవప్రదంగానే కనిపించింది. చివర ఉన్న అనుబంధంలో మాత్రం అద్దె నుంచి మినహాయించుకోదగిన ఖర్చుల జాబితా ఉంది: ఆట రోజు పోలీసు బందోబస్తు, పార్కింగ్ స్థలంలో దీపాల కరెంటు బిల్లు, మంచు తొలగించే పని, స్టేడియం బీమా ప్రీమియంలో కౌంటీ భాగం. జట్టు ఇవన్నీ ముందు చెల్లించి, తరువాత అద్దెలో కోత పెట్టుకోవచ్చు. మిగిలిపోయిన మినహాయింపును తరువాతి ఏడాదికి జమ చేసుకునే వీలు కూడా ఉంది. దాంతో మంచు ఎక్కువ పడిన ఏడాది కౌంటీయే జట్టుకు బాకీ పడింది. కౌంటీ బోర్డు సభ్యులకు పంచిన సారాంశంలో అద్దె అంకె ఉంది, ఆ అనుబంధం ఊసే లేదు. అందుకే ఎవరు అడిగినా లీజును వెనుక పేజీల నుంచి చదవమని చెబుతాను.

మంచి షరతులు కూడా రాయించుకోవచ్చు. బఫెలోలో బిల్స్ ఫుట్‌బాల్ జట్టు కొత్త స్టేడియానికి 2022లో న్యూయార్క్ రాష్ట్రం 60 కోట్లు, ఈరీ కౌంటీ 25 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. ఆ మొత్తం చాలా ఎక్కువ అన్నదే నా అభిప్రాయం. అయినా నిర్మాణ వ్యయం పెరిగితే ఆ భారం జట్టుదే అని స్పష్టంగా రాశారు. అంచనా 140 కోట్ల డాలర్లతో మొదలై 200 కోట్లు దాటిపోయినప్పుడు, పెరిగిన భాగం పన్ను చెల్లింపుదారుల మీద పడలేదు. ఆ ఒక్క వాక్యం విలువ ఎంతో మీరే ఊహించుకోండి.

అప్పు కాలం, లీజు కాలం పక్కపక్కన పెట్టి చూడండి. సియాటిల్‌లో కింగ్‌డోమ్ స్టేడియాన్ని 2000 మార్చిలో పేల్చి కూల్చారు. దాని బాండ్ల అప్పు తీరింది 2015లో. జట్టు ఊళ్లో ఉండి తీరాలన్న కట్టుబాటు, అప్పు తీరే చివరి ఏడాది కంటే ముందే ముగిసిపోతుంటే ఆ ఒప్పందం లోపమున్నదే. అలాగే అప్పు ఏ రకానిదో అడగండి. మయామీలో మార్లిన్స్ బేస్‌బాల్ స్టేడియం కోసం కౌంటీ తీసుకున్న అప్పుల్లో ఒక భాగం సుమారు 9.1 కోట్ల డాలర్లు. తొలి ఏళ్లలో కిస్తీలు లేకుండా వడ్డీ పేరుకుపోయే పద్ధతిలో తీసుకున్నందువల్ల, 2040ల చివరికి ఆ ఒక్క భాగానికే దాదాపు 120 కోట్ల డాలర్లు కట్టవలసి ఉంటుందని తేలింది. స్టేడియం 2012లో తెరిచారు, యజమాని 2017లో జట్టును 120 కోట్ల డాలర్లకే అమ్మేశారు. ఈ రెండు అంకెలు ఒకటే కావడం యాదృచ్ఛికమే, కానీ ప్రజలు కట్టిన స్టేడియం వల్ల జట్టు విలువ పెరుగుతుందన్నది యాదృచ్ఛికం కాదు. జట్టును అమ్మితే వచ్చే లాభంలో గణనీయమైన వాటా, అదీ ఖర్చుల మినహాయింపులతో కరిగిపోని వాటా, కౌంటీకి దక్కుతుందా అన్నది తప్పక అడగవలసిన ప్రశ్న. అక్కడి కౌంటీ మేయర్‌ను ఓటర్లు 2011లో భారీ తేడాతో పదవి నుంచి తొలగించారు. ఆస్తి పన్ను పెంపుతో పాటు ఈ స్టేడియం కూడా ఆ కోపానికి కారణం. మేయర్ పోయినా బాండ్లు మాత్రం ఉండిపోయాయి.

ఇవ్వకపోతే జట్టు వెళ్లిపోతుందన్న బెదిరింపు గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. అది ఉత్త మాట అని చెప్పలేను. లీగ్‌లు జట్ల సంఖ్యను గట్టిగా పరిమితం చేస్తాయి. ఫుట్‌బాల్‌లో 32, బేస్‌బాల్‌లో 30, బాస్కెట్‌బాల్‌లో 30. జట్టు కావలసిన ఊళ్లు అంతకంటే ఎప్పుడూ ఎక్కువే ఉంటాయి. ఒకటి రెండు పెద్ద నగరాలు ఖాళీగా ఉండటం యజమానులకు మంచి ఆయుధం. 1995 నుంచి 2015 దాకా లాస్ ఏంజెలెస్‌లో ఫుట్‌బాల్ జట్టు లేకపోవడాన్ని చూపించి ఎందరో యజమానులు తమ ఊళ్లలో పనులు చేయించుకున్నారు. మిస్సోరీలోని జాక్సన్ కౌంటీ ఓటర్లు 2024 ఏప్రిల్‌లో చీఫ్స్ (ఫుట్‌బాల్), రాయల్స్ (బేస్‌బాల్) జట్ల కోసం అమ్మకపు పన్ను కొనసాగింపును సుమారు 58 శాతం ఓట్లతో తిరస్కరించారు. ఆ జూన్‌లోనే పక్కనున్న కాన్సాస్ రాష్ట్రం స్టేడియం వ్యయంలో 70 శాతం వరకు బాండ్ల ద్వారా సమకూర్చే చట్టం చేసింది. 2025 డిసెంబరులో చీఫ్స్ కాన్సాస్ వైపు వెళ్తున్నట్టు ప్రకటించింది. కాబట్టి వద్దని ఓటు వేసేవారు జట్టు నిజంగా వెళ్లిపోవచ్చన్న నష్టానికి సిద్ధపడే వేయాలి, ఈ మాట దాచడం న్యాయం కాదు.

కానీ రెండో వైపు కూడా ఉంది. శాన్ ఫ్రాన్సిస్కో, పరిసర ప్రాంతాల ఓటర్లు బేస్‌బాల్ స్టేడియానికి ప్రజాధనాన్ని పదేపదే నిరాకరించారు. జెయింట్స్ జట్టు చివరకు అధికభాగం ప్రైవేటు సొమ్ముతోనే కట్టుకుని 2000లో అక్కడే తెరిచింది. అదే నగరంలో 2019లో వచ్చిన బాస్కెట్‌బాల్ అరీనా కూడా ప్రైవేటు పెట్టుబడిదే. సియాటిల్ 2008లో బాస్కెట్‌బాల్ జట్టును ఓక్లహోమా సిటీకి పోగొట్టుకున్న మాట నిజమే. ఆ తరువాత అదే స్థలంలో వంద కోట్ల డాలర్లకు పైగా ప్రైవేటు సొమ్ముతో అరీనాను పునర్నిర్మించి 2021లో తెరిచారు, హాకీ జట్టు వచ్చింది. ఇవన్నీ ధనిక నగరాలు, పెద్ద మార్కెట్లు. మీ కౌంటీ చిన్నదైతే బేరంలో మీ బలం అంత ఉండదు. మీ ప్రాంతపు టీవీ మార్కెట్ ఎంత పెద్దదో, జట్టుకు నిజంగా పోటీ ఆఫర్ ఇస్తున్న ఊరు ఏదో కనుక్కోండి. పేరు చెప్పలేని ప్రత్యామ్నాయం చాలాసార్లు ఉండదు.

స్థానికుల మీద భారం పడదు, బయటివారే కడతారని హోటల్ గదుల పన్నును చూపిస్తే ఆ వాదనలో కొంత నిజం ఉంది. లాస్ వేగాస్‌లో రైడర్స్ ఫుట్‌బాల్ జట్టు స్టేడియానికి ప్రజల వాటాగా ఇచ్చిన 75 కోట్ల డాలర్లు గదుల మీద వేసిన 0.88 శాతం పన్నుతో తీరుతున్నాయి. పర్యాటకులు అంతమంది వచ్చే ఊరికి అది కుదురుతుంది. అయినా 2020లో కోవిడ్ వల్ల హోటళ్లు ఖాళీ అయినప్పుడు కిస్తీ కట్టడానికి రిజర్వు నిధిలో చేయి పెట్టవలసి వచ్చింది. పైగా అదే పన్నును బడులకో రోడ్లకో వేసుకునే అవకాశం స్టేడియంతో పోతుంది. రోడ్లు, మురుగునీటి పైపులు, రైలు స్టేషన్ వంటి పనులకు ఇవ్వడం వేరు. జట్టు వెళ్లిపోయినా అవి ఊరికి ఉంటాయి కనుక ఆ భాగానికి నేను అభ్యంతరం చెప్పను.

ఊరి గౌరవం, అందరూ కలిసి కేరింతలు కొట్టే సంతోషం నిజమైనవే. టికెట్టు కొనలేనివారు కూడా ఆ సంతోషం పొందుతారు, నేను దాన్ని చిన్నచూపు చూడను. ఆ సంతోషానికి ప్రజలు ఎంత ఇవ్వడానికి సిద్ధమో కొలిచిన అధ్యయనాలు ఉన్నాయి. ఆ మొత్తం సున్నా కాదని, కానీ అడుగుతున్న రాయితీ కంటే సాధారణంగా బాగా తక్కువని అవి తేల్చాయి. మీ ఇంటి లెక్క మీరే వేసుకోవచ్చు. కౌంటీ కట్టవలసిన మొత్తాన్ని వడ్డీతో సహా తీసుకుని, ఇళ్ల సంఖ్యతో, అప్పు తీర్చే సంవత్సరాలతో భాగించండి. అమ్మకపు పన్ను పేదవారి ఆదాయంలో పెద్ద భాగాన్ని తీసుకుంటుందన్నది కూడా ఈ లెక్కలో చేర్చండి. స్టేడియంలోని ఖరీదైన ప్రత్యేక గదుల్లో కూర్చునేవారు వేరు, ఈ పన్ను ఎక్కువగా తగిలేవారు వేరు.

ఓటుకు ముందు కౌంటీ కార్యాలయాన్ని లిఖితపూర్వకంగా అడగవలసినవి ఇవి: లీజు పూర్తి ముసాయిదా, అనుబంధాలతో సహా, బాండ్లు తీరేదాకా ఏడాదివారీ కిస్తీల పట్టిక, జట్టు తరలింపు నిషేధ ఒప్పందం, దాన్ని ఉల్లంఘిస్తే చెల్లించవలసిన సొమ్ము, వ్యయం పెరిగితే ఎవరిదన్న క్లాజు, నేమింగ్ రైట్స్ (స్టేడియానికి ఏదైనా సంస్థ పేరు పెట్టే హక్కు), పార్కింగ్, కచేరీల ఆదాయం ఎవరికి వెళ్తుందో చెప్పే భాగం. చాలా రాష్ట్రాల్లో ప్రజా రికార్డుల చట్టం కింద వీటిని అడిగే హక్కు మీకు ఉంది. చర్చలు సాగుతున్నాయి కాబట్టి ముసాయిదా బయటపెట్టలేమని జవాబు వస్తే, షరతులు ఇంకా ఖరారు కాలేదని అర్థం. అటువంటప్పుడు నేనైతే వద్దనే ఓటు వేస్తాను. పన్నుకు ఆమోదం వచ్చేసిన మరుక్షణం కౌంటీ చేతిలో బేరమాడే పట్టు ఏమీ మిగలదు, లీజు సిద్ధమైన తరువాత మరో ఎన్నికలో అదే ప్రశ్నను మళ్లీ అడగడానికి సాధారణంగా వీలుంటుంది. ముసాయిదా చేతికి వస్తే అద్దె మినహాయింపుల అనుబంధాన్ని, తరలింపు క్లాజును ఇక్కడ పెట్టండి, చదివి నా అభిప్రాయం చెబుతాను.